నా పాటలో గుంత

ఫంక్షన్లలో గిటార్ వాయించి బతుకుదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు జనగామలో మా ఇంటికి వస్తుంటారు. ఏ గిటార్ కొనాలి, ఏ పెడల్ మంచిది అని అడుగుతారు. ముందు మంచి చెప్పులు కొనుక్కోమంటాను. నవ్వుతారు. నిజంగానే చెబుతున్నాను. ఈ పనిలో వాయించేది కాసేపే. మిగతా పొద్దంతా నిలబడటమే. ఫంక్షన్ హాలు గేటు దగ్గర, కరెంటు బోర్డు దగ్గర, వంటవాళ్ల వెనక, దండలు రాలేదని ఆగిపోయిన స్టేజీ మీద నిలబడాలి.

నా పేరు ఐలయ్య. పెళ్లిళ్లు, తొట్టెల ఫంక్షన్లు, రిటైర్మెంట్ సభలు, చర్చి వార్షికోత్సవాలు, ఒకటి రెండు ఎన్నికల మీటింగులు నా సర్వీసు. ఈమధ్యే మానేశాను. ఎలా వాయించాలో చెప్పే స్థాయి నాకు లేదు. ఎలా వాయించకూడదో మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ విద్యలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు.

ఊగడం

నన్ను పనిలో పెట్టుకున్నది యాదగిరన్న. అప్పట్లో ఆయనకు పెద్ద ఆర్కెస్ట్రా ఉండేది. ఆయన చొక్కా కాలరు ఎప్పుడూ నిలబడే ఉండేది, మనిషి మాత్రం అందరి ముందూ వంగేవాడు. నేను గిటార్ పట్టుకుని వెళితే ఏదైనా వాయించి చూపమని అడగలేదు. అద్దం ముందు నిలబెట్టి, "జర ఊగు" అన్నాడు. ఊగాను. "రేపటిసంది రా" అన్నాడు.

ఒక పెళ్లిళ్ల సీజనంతా ఊగాను. నా వాయింపు వల్లే పాటలు రక్తికడుతున్నాయని నాకు గట్టి నమ్మకం. చిల్పూరులో ఒక పెళ్లికి వాయిస్తుంటే తీగ తెగింది. ఎవరూ నావైపు చూడలేదు. ఇంకొకటి తెగింది. పాట హాయిగా సాగిపోతూనే ఉంది. నాకు అనుమానం వచ్చి గిటార్ వైరు పట్టుకుని దాని వెంట వెళ్లాను. అది స్టేజీ వెనక్కి దిగి, షామియానా వెదురు బొంగు దగ్గరికి వెళ్లి ఆగింది. బొంగుకు చక్కగా ముడేసి కట్టి ఉంది.

"అన్నా, ఏందిది?" అన్నాను.

యాదగిరన్న ఏమాత్రం తడబడలేదు. "పోస్టర్ల గిటార్ ఉండాలె ఐలయ్యా. నువ్వు మంచిగ ఊగుతవ్. వాయించుడు మెల్లగ నేర్సుకో. ఎవలు తరుముతున్నరు నిన్ను?"

నాకు కోపం రావాల్సింది. ఆ మాట అంటూనే ఆయన నా చేతిలో అన్నం ప్లేటు పెట్టాడు. అందులో నాలుగు మాంసం బొక్కలు ఎక్కువే ఉన్నాయి. కోపం రాలేదు. మీకూ ఇలాంటి బాసు దొరికితే వదులుకోకండి. అబద్ధాలు ఆడతాడు కానీ అన్నం పెట్టి ఆడతాడు. నిజాలు చెప్పి పస్తులుంచిన బాసులను కూడా తర్వాత చూశాను.

ఆ తర్వాత నిజంగానే నేర్చుకున్నాను. కొంతకాలానికి నా వైరును యాంప్లిఫైయరుకు కలిపారు. వాల్యూం మాత్రం యాదగిరన్న చేతిలోనే ఉండేది.

ఆ ఆర్కెస్ట్రాలోనే పాడేది విమల. రఘునాథపల్లిలో అంగన్‌వాడీ టీచరు. చర్చిలో పాడి పాడి గొంతు సాన పట్టుకున్న మనిషి. పాత పాట, కొత్త పాట, నాట్లేసేటప్పటి పాట, ఏదడిగినా కాదనేది కాదు. పొట్టి మనిషి కావడంతో ఆమె మైకు స్టాండును ఎప్పుడూ ఒక మెట్టు దించాల్సి వచ్చేది. నేను వాయించేవాణ్ణి, ఆమె పాడేది. మా జోడీ బాగా కుదిరిందని జనం అనేవాళ్లు. ఆ కుదరడంలో సగం నాదని లెక్కేసుకున్నాను.

పెట్టె

డీజేలు వచ్చాక ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. యాదగిరన్న టెంట్ హౌస్ పెట్టుకున్నాడు. ఆయన ఆ పనికే పుట్టాడని నాకు ముందునుంచీ తెలుసు. చివరికి మిగిలింది నేనూ విమలా. పేదింటి పెళ్లిళ్లకు, డీజే అంటే గిట్టని పెద్దవాళ్ల సభలకు మమ్మల్ని పిలిచేవాళ్లు. ఇద్దరం కలిసి ఎంత గట్టిగా చేసినా పాట పలచగా ఉండేది, నీళ్లు ఎక్కువైన చారులాగా.

అప్పుడు హైదరాబాదు వెళ్లి లూపర్ అనే పెట్టె కొన్నాను. చూడటానికి ఇనుప టిఫిన్ డబ్బాలా ఉంటుంది. నేల మీద పెట్టుకోవాలి. కాలితో ఒకసారి నొక్కి గిటార్ వాయిస్తే అదంతా పట్టుకుంటుంది. పాట చుట్టు తిరిగి మొదటికొచ్చే చోట ఇంకోసారి నొక్కితే, పట్టుకున్నదాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంటుంది. దాని మీద ఇంకో వరస వేసుకోవచ్చు. ఆ రెండింటి మీదా మూడోది వేసుకోవచ్చు. గిటార్ చెక్క మీద అరచేత్తో కొట్టి దరువు కూడా అందులో పడేసేవాణ్ణి. మైకు కూడా అదే పెట్టెకు కలపొచ్చు కాబట్టి విమల గొంతుతో వంత పాడించేవాణ్ణి. కళ్లు మూసుకుని వింటే నలుగురైదుగురు వాయిస్తున్నట్టుండేది. కళ్లు తెరిస్తే నేను కనిపించేవాణ్ణి, అది వేరే సంగతి.

కొన్నాళ్లు బతుకు మళ్లీ బాగా గడిచింది. రేగొండ నుంచి, మానుకోట నుంచి కూడా పిలుపులొచ్చాయి. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం.

కొత్త సాఫ్ట్‌వేర్

ఆ పెట్టెకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందని ఫోన్లో చూశాను. చాలా హంగులున్నాయని రాశారు. అన్నిటికన్నా పైన, పనితీరు బాగా మెరుగుపడుతుందని ఉంది. ఎవరి పనితీరో రాయలేదు. నాదే అనుకున్నాను.

పక్కింటి కంప్యూటర్ టీచరమ్మను అడిగి లాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఫోన్ ఛార్జింగ్ వైరుతో పెట్టెను దానికి కలిపి పొద్దంతా కూర్చున్నాను. లాప్‌టాప్ ఆ పెట్టెను గుర్తుపట్టలేదు. పెట్టె పాడైందని, లాప్‌టాప్ పాడైందని, చివరికి టీచరమ్మ మంచిది కాదని కూడా అనుకున్నాను. ఛార్జింగ్ వైర్లలో కొన్ని కరెంటును మాత్రమే మోస్తాయి, సమాచారాన్ని మోయవు. ఈ ముక్క మీరు ఇప్పుడే రాసిపెట్టుకోండి. పొద్దంతా పెట్టి నేర్చుకున్నాను.

వైరు మార్చాక పని మొదలైంది. మధ్యలో కరెంటు పోతే పెట్టె శాశ్వతంగా చచ్చిపోతుందని తెర మీద ఎర్రక్షరాల్లో వచ్చింది. అప్పుడే మా ఆవిడ కౌసల్య పచ్చడి రుబ్బడానికి మిక్సీ ప్లగ్గు చేతిలో పట్టుకుని వచ్చింది.

"ఆగు! ఇప్పుడు మిక్సీ పెట్టకు. ఫ్యూజు పోతే నా బతుకు పోతది," అన్నాను.

"గా డబ్బాల ఉన్నదా నీ బతుకు?" అంది కౌసల్య. ప్లగ్గు పట్టుకునే నిలబడింది. పని ఎంతయిందో చూపించే గీత నిండేదాకా ఇద్దరం తెర వైపే చూస్తూ ఉండిపోయాం. మా పెళ్లయ్యాక ఇద్దరం కలిసి అంత శ్రద్ధగా ఇంకేదీ చూడలేదు.

కొత్త హంగుల గురించి నా అభిప్రాయం చెబుతాను, వినండి. చివరగా వేసిన వరసను తుడిచేసే సదుపాయం అన్నిటికన్నా మేలు. ఇదివరకు ఒక వరస తప్పితే మొత్తం చుట్టును చెరిపేసి మొదటినుంచి మొదలెట్టాల్సి వచ్చేది. పాటను మెల్లగా తగ్గించుకుంటూ ఆపేది కూడా మంచిదే. భోజనాలకు లేవండని మైకులో అరిచినప్పుడు పాటను తెగ్గొట్టినట్టు ఉండదు. వాయించినదాన్ని వెనక్కి తిప్పి వినిపించేది ఒకటుంది. ఇంట్లో ఒకసారి పెట్టి చూశాను. కౌసల్య వంటింట్లోంచి వచ్చి దిష్టి తీసింది. దాని జోలికి పోకండి.

మిగిలినవి రెండు. మొదటిది, మనం మొదట నొక్కనవసరం లేకుండా, శబ్దం వినగానే దానంతటదే పట్టుకోవడం మొదలుపెట్టేది. రెండోది, కొలత సర్దేది. ముందుగా కాలితో నాలుగు దెబ్బలు తట్టి వేగం చెబితే, చుట్టు చివర మన కాలు ముందు పడినా వెనక పడినా సరైన చోటికి జరిపి అతికించేస్తుంది. రెండూ బాగున్నాయనిపించి రెండింటినీ ఆన్ చేశాను. ఒక్కొక్కదాన్ని విడిగా పరీక్షించి చూడాలని సూచనల కాగితంలో ఉంది. కాగితాలు చదివేవాణ్ణయితే ఈ వృత్తిలోకి ఎందుకొస్తాను?

పెరుగు

మొదటి హంగు జనగామలోనే నా పరువు తీసింది. ఒక తొట్టెల ఫంక్షన్. పెట్టెను సిద్ధం చేసి, శబ్దం కోసం ఎదురుచూసేలా పెట్టి, గిటార్ పట్టీ సవరించుకుంటున్నాను. విమల మంచినీళ్లకు వెళ్లింది. ఆమె మైకు ఆన్‌లోనే ఉంది. వంటాయన స్టేజీ పక్కకు వచ్చి ఇంటాయన చెవిలో చెప్పబోయాడు. చెవికీ మైకుకూ పెద్ద దూరం లేదు.

"అన్నా, పెరుగు అయిపోయింది," అన్నాడు.

పెట్టె ఆ మాటను పట్టుకుంది. నేను చూసుకోలేదు. మొదటి తీగ మీటి, నాకు అలవాటైనట్టు కాలితో నొక్కాను. చుట్టు మూసుకుంది. అంతే. హాలు నిండా, దరువులాగా, ఎంతో చక్కని కొలతలో, "అన్నా, పెరుగు అయిపోయింది. అన్నా, పెరుగు అయిపోయింది" అని మొదలైంది.

కంగారులో ఇంకోసారి నొక్కాను. దాంతో వంటాయన గొంతు మీద నా గొంతు కూడా ఎక్కింది. "అయ్యో, ఇది ఎట్ల బంద్ చేసుడు" అన్న నా మాట పెరుగు వెంట తిరగసాగింది. జనం మొదట నవ్వారు. ఆ తర్వాత ఒక పెద్దాయనకు ఆ మాట అర్థం తలకెక్కినట్టుంది. లేచి భోజనాల వైపు నడిచాడు. ఆయన వెనక ఆయన వరస మొత్తం లేచింది. ఉయ్యాలలో బిడ్డను ఇంకా వేయనే లేదు, హాలు సగం ఖాళీ అయింది.

నేను వైరే పీకేశాను. ఇంటాయన నా దగ్గరికి వచ్చాడు. "మజ్జిగ చేపిచ్చిన అన్నా. గది గూడ జర మైకుల చెప్పు," అన్నాడు.

విమల స్టేజీ వెనక కూలబడి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ హంగును ఆపేశాను. రెండోదాని వల్ల ఏ ఇబ్బందీ కనపడలేదు కాబట్టి దాన్ని అలాగే ఉంచాను.

మానుకోట

తర్వాతి ప్రోగ్రాం మానుకోటలో ఒక పెళ్లి. పగటి ముహూర్తం. తాళి కట్టడం అయ్యాక భోజనాల దాకా మేం పాడాలి.

మొదటి పాటకే నాకు ఒళ్లు పులకరించింది. పెట్టెలోంచి నా గిటార్ గాజు మీద నీళ్లలా జారుతోంది. ఎక్కడా అతుకు లేదు. చుట్టు పూర్తయి మళ్లీ మొదలవుతున్నట్టే తెలియడం లేదు. ఇన్నేళ్లకు నా చేయి తిరిగిందనుకున్నాను. కొంతమందికి విద్య ఆలస్యంగా పండుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

విమల మాత్రం తడబడుతోంది. మొదటి చరణం బాగానే ఎత్తుకుంది. చుట్టు తిరిగేచోట ఒక్క క్షణం ఆగింది. ఆమె ఆగిన క్షణంలో పాట ముందుకు వెళ్లిపోయింది. పరుగెత్తి అందుకుంది. మళ్లీ చుట్టు తిరిగింది, మళ్లీ ఆగింది, మళ్లీ పరుగెత్తింది. రెండో పాటలోనూ అంతే. మూడో పాటలో ఒక మాట మింగేసింది. నేనేం చేశానో చెబుతాను. తొడ మీద చేత్తో కొడుతూ ఆమెకు తాళం చూపించాను. నేను, విమలకు! అందరూ చూస్తుండగా!

ముందు వరసలో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ల మాటలు మా ఇద్దరికీ వినిపించాయి.

"పాపం, ఆమెకు వయసైనట్టున్నది. గొంతు దారిల ఉంటలేదు."

"గిటారాయన మాత్రం మస్తు కొడుతుండు."

నా సర్వీసు మొత్తంలో గిటార్ గురించి జనం నోట విన్న మొదటి మెప్పు అది. విమల ముఖం ఎలా ఉందో చూడాలని కూడా తోచలేదు నాకు. ఇంకొంచెం ఊగాను.

కాజీపేట మీదుగా ప్యాసింజర్లో తిరిగొచ్చాం. దారంతా నేనే మాట్లాడాను. కొత్త సాఫ్ట్‌వేర్ గొప్పతనం గురించి, గొంతుకు వేడినీళ్లు ఎంత మంచివో అనే దాని గురించి. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రఘునాథపల్లి స్టేషన్లో బండి ఆగగానే సంచి తీసుకుని లేచింది.

"భూపాలపల్లికి వేరే ఎవర్నన్న చూసుకో అన్నా," అంది.

"ఏమైంది విమలా?"

"వయసైందట గద," అని దిగిపోయింది.

రఘునాథపల్లి

భూపాలపల్లి ప్రోగ్రాం కొమురయ్యది. బొగ్గు గనిలో పనిచేసి రిటైరవుతున్నాడు. ఆయన పెళ్లికి పాడింది మా ఆర్కెస్ట్రానే. ఫోన్ చేసి విమల రాకపోవచ్చని మెల్లగా చెప్పాను.

"ఆమె పాట కోసమే నిన్ను పిల్సిన ఐలన్నా. ఆమె రాకుంటే ప్రోగ్రామే వద్దు. ఊకె భోజనాలు పెడ్త," అన్నాడు. ఆయనకు నా మీద కోపమేమీ లేదు. ఉన్న మాట అన్నాడు.

విమలకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం ఆమె ప్రార్థనకు వెళ్లి వచ్చే సమయం చూసుకుని గిటారూ పెట్టే పట్టుకుని బస్సెక్కాను. నేను వెళ్లేసరికి వరండాలో చాప వేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. మళ్లీ గింజలు తీసుకుంటూ కూర్చుంది.

"దవాఖానల చూపించుకుందామా గొంతు? నేను వస్త తోలుకొని," అన్నాను.

ఆమె చేయి ఆగింది. "అన్నా, నా గొంతుకు ఏం కాలే. నీ పాటల గుంత పోయింది."

"ఏం గుంత?"

"నువ్వు చుట్టు తిప్పి మొదటికొచ్చే కాడ నీ కాలు ఎప్పుడు జర ఆలిశమే పడ్తది. పెట్టె రాకముందు నీ చేయి ఆలిశం, పెట్టె వచ్చినంక కాలు ఆలిశం. రోడ్డు మీద గుంత లెక్క. నాకు తెలుసు గద, గుంత కాడ ఆగి, నువ్వు దాటినంక ఎత్తుకునేదాన్ని. ఇప్పుడు గా మిషిను గుంత పూడ్చింది. నేనేమో అలవాటుగ బ్రేక్ ఏస్తున్న. రోడ్డు సాఫుగ ఉన్నది, బండి ఎల్లిపోతున్నది."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ గుంతలోంచి పైకి రావడానికి ఇంకొంతసేపు పట్టింది.

"ఎప్పటిసంది?"

"మొదట్నుంచి."

"మరి చెప్పవా?"

"చెప్తమనుకున్న. యాదగిరన్నే వద్దన్నడు. ఐలయ్య అలుగుతడు, అలిగి పోతే గింత మంచిగ ఊగెటోడు మల్ల దొరకడు అన్నడు. ఇగ అలవాటైంది. నువ్వెట్ల వస్తవో తెలిసినంక కష్టమేమున్నది?"

ఆ మాట ఆమె చాలా మామూలుగా అంది. వానాకాలం గొడుగు పట్టుకెళ్తాం కదా, అలా. నేను చింతగింజలు చూస్తూ కూర్చున్నాను. మానుకోట స్టేజీ మీద తొడ మీద కొట్టుకుంటూ ఈమెకు తాళం చూపించిన మనిషి కళ్లముందు కదిలాడు. వాడి చేయి పట్టుకుని ఆపడానికి అప్పుడు అక్కడ ఎవరూ లేకపోయారు.

"దాన్ని బంద్ చేయొచ్చు," అన్నాను. పెట్టె తీశాను. "ఇగో, ఒక్క బటన్. మల్ల గుంత గుంత లెక్కనే ఉంటది. నీకు తిప్పలుండదు."

నేను దయచూపిస్తున్నాననుకున్నాను. ఆమె చాలాసేపు ఆ పెట్టె వైపు చూసింది.

"వద్దు," అంది. "ఉండనియ్యి. గిన్నేండ్లు ఆగిన గద అన్నా. ఒక్కసారన్న ఆగకుంట పాడనియ్యి."

ఆ రోజునుంచి సాధన మొదలుపెట్టాం. ఆమె అలవాటు కొద్దీ ఆగేది, నాలుక కరుచుకునేది, మళ్లీ మొదలెట్టేది. నాకు ఇంకో నిజం తెలిసింది. పెట్టె సరిచేసేది చుట్టును మాత్రమే. దాని మీద నేను వాయించే సొంత వరసను అది ముట్టుకోదు. అక్కడ నా చేయి ఎప్పటిలాగే ఆలస్యం. ఇదివరకు వెనక వరస కూడా ఆలస్యంగానే ఉండటంతో కలిసిపోయేది. ఇప్పుడు వెనక వరస సరిగ్గా నడుస్తుంటే, ముందు నేను ఈడ్చుకుంటూ వస్తున్నది నా చెవికే వినపడసాగింది. ఇంట్లో పొద్దునా సాయంత్రం అభ్యాసం చేశాను, ఊగడం మానేసి కుర్చీలో కూర్చుని.

"నేను ఆలిశం చేస్తనా?" అని కౌసల్యను అడిగాను.

"అన్నిట్ల చేస్తవ్. గిటారు ఒక్కదాంట్ల టైముకు వస్తవేమో అనుకున్న ఇన్నాళ్లు," అంది.

పిల్లలూ, ఈ ఒక్కచోట మాత్రం నవ్వకుండా చెబుతాను. మీ వాయింపును రికార్డు చేసుకుని, మీతో పాడేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినండి. వాళ్లను అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. ముఖ్యంగా మంచివాళ్లు చెప్పరు.

భూపాలపల్లి

హాలులో ముందు వరస నిండా గని మిత్రులు కూర్చున్నారు. కొమురయ్య మెడలో దండలు గడ్డం దాకా వచ్చాయి. భుజాల మీద శాలువాలు ఒకదాని మీద ఒకటి పడి, ఆ మధ్యాహ్నపు ఉక్కలో ఆయన చెమటలో తడిసి ముద్దయ్యాడు. ఎవరు ఏం మాట్లాడినా తలూపుతున్నాడు. ప్రసంగాలు అయిపోయాక మమ్మల్ని పిలిచారు.

నేను కాలితో వేగం తట్టాను. చుట్టు కట్టాను. విమల మైకు ముందు నిలబడింది. ఆమె వేళ్లు చీర కొంగును చుట్టుకుంటున్నాయి. చుట్టు తిరిగి మొదటికొచ్చింది.

ఆమె ఆగలేదు.

ఎత్తుకుంది, అంతే. పాట ఒక్క పరుగున వెళ్లింది. చుట్టు మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగలేదు. కొంగును వదిలేసింది. రెండో చరణానికి వచ్చేసరికి ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడని తేలిక కనిపించింది. నెత్తిమీది బిందెను దించి నడుస్తున్న మనిషిలా ఉంది. ఎదురుచూడాల్సిన అవసరం లేకపోవడంతో అదివరకు ఎప్పుడూ వేయని సంగతులు వేసింది. నేను వాయించాల్సిన చోటు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. మర్చిపోయాను. ఎవరికీ లోటనిపించలేదు.

చప్పట్లు గట్టిగానే మోగాయి. మేం ఇంకొన్ని పాటలు పాడాక కొమురయ్య దండల్లోంచి చేయి బయటికి తీసి మమ్మల్ని దగ్గరికి పిలిచాడు.

"మంచిగున్నది విమలక్కా. గొంతు గట్లనే ఉన్నది. గాని..." అని కాసేపు ఆలోచించాడు. "మా పెండ్లిల నాట్ల పాట పాడినవ్ సూడు. అండ్ల ఏదో ఉండె. పాట వచ్చి, జర ఆగి, మల్ల అందుకునేది. మా ఆమెకు గదే ఇష్టం. బొగ్గు బాయిల దిగినప్పుడల్లా గదే గుర్తుకొచ్చేది నాకు. గది ఇప్పుడు వస్తలేదేంది?"

నేను విమల వైపు చూడలేకపోయాను. ఆమె నావైపు చూసిందని మాత్రం తెలుసు. నా తప్పు అడుగును పట్టుకుని ఒక మనిషి ఇన్నేళ్లు గనిలోకి దిగాడు. గర్వపడాలో తలదించుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

"బటన్ బంద్ చెయ్యమంటవా?" అని ఆమెను మెల్లగా అడిగాను.

విమల కొమురయ్య పక్కనున్న ఆయన భార్య వైపు చూసింది. తర్వాత, "పెట్టే బంద్ చెయ్యి. గిటారు గూడ పక్కకు పెట్టు. పొయ్యి తిను నువ్వు, పొద్దటిసంది నిలవడ్డవ్," అంది.

మైకు కూడా తీసుకోలేదు. కొమురయ్య భార్య పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను వెళ్లి ప్లేటులో అన్నం పెట్టించుకుని గోడ దగ్గర నిలబడ్డాను. నాట్ల పాట మొదలుపెట్టింది.

వెనక ఏమీ లేదు. గిటారు లేదు, దరువు లేదు. గిన్నెల చప్పుడు కూడా మెల్లమెల్లగా తగ్గిపోయింది. పాట చుట్టు తిరిగి మొదటికి వచ్చింది. అక్కడ ఆగింది ఆమె. నా కోసం కాదు. నేను గోడ దగ్గర ఉన్నాను, చేతిలో పప్పన్నం ఉంది. నేను దాటాల్సిన గుంత ఏదీ అక్కడ లేదు. అయినా ఆగింది. ఒక్క క్షణం పాట గాల్లో నిలబడింది. కొమురయ్య భార్య ఆమె మోకాలి మీద చేయి వేసింది. అప్పుడు అందుకుంది.

ఆ ఆగడం ఇప్పుడు ఆమెది. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఆమెకు తెలుసు. నేను దాన్ని తప్పుగా మొదలుపెట్టాను. ఆమె దాన్ని పాట చేసుకుంది. పెట్టె పూడ్చింది వేరు, ఆమె ఉంచుకున్నది వేరు. పాట అయిపోయేదాకా నేను అన్నం కలపలేదు.

ఇంటికి వచ్చి గిటారును గోడకు తగిలించాను.

"ఇగ చాలు. ప్రోగ్రాములు ఒప్పుకోను," అన్నాను కౌసల్యతో.

"ఎందుకు, ఏమైంది? పాట మంచిగ రాలేదా?"

"వచ్చింది. విన్న."

కౌసల్య నన్ను కిందికీ మీదికీ చూసింది. "వింటివా? మరి గిన్నేండ్ల సంది ఏం చేసినవ్?"

"వాయించిన," అన్నాను.